రైలు బొమ్మల ఊళ్లో యుద్ధం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా పదో తరగతి దాకా ఉంది గానీ, మార్కుల కోసం చదివానే తప్ప రాయడానికి చదవలేదు. మన క్లబ్బు ఎడిటర్ అక్క "నీకు బాగా తెలిసిన దాని మీద రాయి, ఒత్తులు మేం చూసుకుంటాం" అంది. నాకు బాగా తెలిసింది, చెప్తే ఇంట్లో వాళ్లు నవ్వేది, ఒకటే ఉంది: బొమ్మ సైనికులతో టేబుల్ మీద యుద్ధాలు ఆడటం. ఈ వ్యాసం అందులో కూడా ఒక చిన్న మూల గురించి. ఇళ్ల గురించి. రైలు బొమ్మలు పెట్టుకునేవాళ్ల కోసం ఫ్యాక్టరీలోనే రంగులేసి అమ్మే ఇళ్లు ఉంటాయి. వాటిని మన యుద్ధంలోకి ఎలా తెచ్చుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది విషయం.

వార్‌గేమింగ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు టేబుల్. దాని మీద పొలాలు, రోడ్లు, చెట్లు, ఇళ్లు. రెండు వైపులా వేలి కణుపంత సైనికులు. చదరంగంలోలా గళ్లుండవు, టేపు పెట్టి కొలుచుకుని జరపాలి. తూటా తగిలిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. గోడ చాటున ఉన్నవాడికి తగలడం కష్టం, మైదానంలో నిలబడ్డవాడికి సులువు. అంటే ఇక్కడ ఇల్లు అలంకారం కాదు, సగం ఆట ఇల్లే. ఖాళీ టేబుల్ మీద ఎవరికి ఎక్కువ తుపాకులుంటే వాళ్లు గెలుస్తారు. నాలుగిళ్లు పెట్టి చూడండి, అప్పుడు బుర్ర వాడాల్సి వస్తుంది.

ఇదేదో యూట్యూబ్ కాలపు పిచ్చి అనుకోకండి. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకి ఒక యుద్ధం ఆట బల్ల ఇచ్చాడు. నదులు, అడవులు, ఊళ్లు ముందే రంగులేసి ఉన్న పలకలు. ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఒకరకంగా చూస్తే రెడీమేడ్ సీనరీకి ముత్తాత అదే. ఆయన కొడుకు 1824లో ఆ ఆటని 1:8000 మ్యాపు మీదకి మార్చాక ప్రష్యా సైన్యం ఆఫీసర్ల ట్రైనింగ్‌కి వాడుకుంది. 1913లో హెచ్.జి. వెల్స్ (టైమ్ మెషీన్ రాసిన ఆయనే) 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో ఇంట్లో నేల మీద ఆడుకునే పద్ధతి రాశాడు. చెక్క దిమ్మలతో ఊళ్లు కట్టడం, స్ప్రింగు ఫిరంగితో బొమ్మల్ని నిజంగానే కొట్టి పడేయడం. ఆ పుస్తకం వచ్చిన మరుసటేడే అసలు యుద్ధం వచ్చింది.

రైలు బొమ్మలకీ దీనికీ చుట్టరికం మాత్రం ఇంకా తర్వాత కలిసింది. ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ 1959 నుంచి చిన్న ప్లాస్టిక్ సైనికుల పెట్టెలు అమ్మింది. ఆ పెట్టెల మీద సైజు రాసింది రైలు బొమ్మల లెక్కలోనే: హెచ్‌ఓ, ఓఓ అని. రైలు పక్కన పెట్టుకునే కాటేజీలు, సిగ్నల్ క్యాబిన్ల కిట్లు కూడా అదే కంపెనీ అమ్మేది. పిల్లలు ఊరుకుంటారా? నాన్న రైలు పెట్టెలోంచి ఇల్లు తీశారు, పక్కన సైనికుణ్ణి పెట్టారు. అంతే.

నా కథ కూడా దాదాపు ఇంతే. కాకపోతే నాన్న బదులు మావయ్య.

సూట్‌కేసులో ఊరు

మా మావయ్య ఇరవై రెండేళ్లు ఇంగ్లాండులో ఉద్యోగం చేసి పోయినేడాది రాజమండ్రి వచ్చేశారు. అక్కడ ఇంటి అటక మీద ఆయనకో రైల్వే ఉండేది. వీడియో కాల్‌లో చిన్నప్పట్నుంచీ చూశాను. ఇల్లు అమ్మేటప్పుడు ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు అన్నీ అమ్మేశారు. పట్టాల కింద చెక్కబల్ల మేడ మీంచి దింపడానికే కుదరక కోసి పారేశారట. ఇళ్లు మాత్రం సూట్‌కేసులో వచ్చాయి.

"వాటికి రేటు రాలేదురా, అందుకే తెచ్చా" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పదకొండు ఇళ్లకీ విడివిడిగా తన చొక్కాలు చుట్టి తెచ్చారు.

ఒక చర్చి, ఒక పబ్బు, రెండు కాటేజీలు, గూడ్స్ షెడ్డు, సిగ్నల్ క్యాబిన్, స్టేషను, ఇంకా ముందు గోడ మాత్రమే ఉండే వరస ఇళ్లు నాలుగు. అన్నీ రెసిన్‌వి. చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా, సబ్బుబిళ్ల పట్టుకున్నట్టు ఉంటాయి. అచ్చులో పోసి, గట్టిపడ్డాక రంగులేసి అమ్ముతారు. హార్న్‌బీ వాళ్ల స్కేల్‌డేల్, బాక్‌మన్ వాళ్ల సీన్‌క్రాఫ్ట్ ఈ రకమే. పెట్టె విప్పు, టేబుల్ మీద పెట్టు, ఆడుకో. జర్మనీ ఫాలర్ కంపెనీవి వేరే రకం. రంగు ప్లాస్టిక్ ముక్కలొస్తాయి, మనమే అతికించుకోవాలి. మెట్‌కాఫ్ వాళ్లవి రంగు ప్రింటు చేసిన అట్ట, కోసుకుని మడుచుకోవాలి. మూడింటికీ పెయింటు డబ్బా తెరవక్కర్లేదు. సెమిస్టర్ మధ్యలో ఆడుకునే నాలాంటివాడికి కావాల్సింది అదే. మా ల్యాబులో త్రీడీ ప్రింటర్ ఉంది కదా అంటారేమో. చిన్న ఇల్లొకటి దాని మీద ప్రింటు కావడానికి ఒక రాత్రంతా పట్టింది, పైగా ఆ గీతలన్నీ గీకి రంగులేయాలి. గోడ మీద ఒక్కో ఇటుకకీ ఒక్కో రంగు మనం వేయలేం, వేసినా ఇంత బాగా రాదు.

"ఆడుకో. పగలగొట్టకు" అన్నారు మావయ్య. ఆయన పెట్టిన రూలు అదొక్కటే. కానీ ఇళ్లు పగలడమే యుద్ధం కదా. ఈ సెలవులంతా నేను చేసిన పనులన్నీ ఆ రూలు చుట్టూ తిరిగినవే.

సున్నా, సున్నా సున్నా

మొదట స్కేలు. ఇక్కడే అందరూ పడేది.

పాతకాలంలో రైలు బొమ్మల సైజులకి అంకెలుండేవి. మూడు, రెండు, ఒకటి. ఒకటి కంటే చిన్నది వచ్చేసరికి సున్నా అన్నారు. దానికంటే చిన్నది వచ్చేసరికి ఇంక అంకెల్లేవు, సున్నా సున్నా అన్నారు. మనం కోడ్‌లో కౌంటర్ సున్నా దగ్గరికి వచ్చాక ఏం చెయ్యాలో ముందే ఆలోచించనట్టే. తర్వాత సున్నా కాస్తా నోట్లో పడి 'ఓ' అయిపోయింది. హెచ్‌ఓ అంటే సగం సున్నా, 1:87. ఓఓ అంటే 1:76. ఎన్ స్కేలు 1:160, బ్రిటన్‌లో మాత్రం 1:148.

హెచ్‌ఓకీ ఓఓకీ తేడా ఎందుకొచ్చిందో చెప్పకుండా ఉండలేను. బ్రిటన్‌లో వంతెనలు, సొరంగాలు ఇరుకు కాబట్టి అక్కడి ఇంజన్లు యూరప్ ఇంజన్ల కంటే చిన్నవి. వాటిని హెచ్‌ఓలో చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. సరే అని ఇంజనుని అడుగుకి 4 మి.మీ. లెక్కన కాస్త పెద్దది చేశారు. పట్టాలు మాత్రం పాతవే ఉంచారు, 16.5 మి.మీ. వెడల్పు. ఆ వెడల్పుని 76తో గుణిస్తే 1254 మి.మీ. వస్తుంది. అసలు రైలు పట్టాల వెడల్పు 1435. అంటే దాదాపు వందేళ్లుగా బ్రిటిష్ బొమ్మ రైళ్లన్నీ ఇరుకు పట్టాల మీదే పోతున్నాయి. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇదే మరి.

యుద్ధం ఆట వాళ్లు మాత్రం మనిషి ఎత్తుతో కొలుస్తారు. 28 మి.మీ., 20, 15, 10, 6. పాదం నుంచి కన్ను దాకా అని కొందరు, తల దాకా అని కొందరు. రెండు లోకాలు, రెండు కొలతలు. వీటిని కలపడానికి నేను వాడేది తలుపు పరీక్ష. ఇల్లు చేతిలోకి తీసుకుని తలుపు ఎత్తు స్కేలుతో కొలవండి. మామూలు తలుపు రెండు మీటర్లు. ఓఓలో అది 26 మి.మీ., హెచ్‌ఓలో 23, బ్రిటిష్ ఎన్‌లో 13న్నర. ఇప్పుడు మీ సైనికుణ్ణి ఆ తలుపు ముందు నిలబెట్టండి.

28 మి.మీ. సైనికుడు కాళ్ల కింద బిళ్ల, నెత్తిన హెల్మెట్ కలిపితే 32 దాకా వస్తాడు. ఓఓ తలుపులోంచి వాడు వంగినా పట్టడు. చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటారు, ఫొటోలో ఇల్లు బాగుందని కొనేసి. 20 మి.మీ. వాడికి, అంటే 1:72 ప్లాస్టిక్ సైనికులకి, ఓఓ ఇల్లు అతికినట్టు సరిపోతుంది. నా దగ్గరున్నవి అవే కాబట్టి బతికిపోయాను. 10 మి.మీ. వాళ్లకి ఎన్ స్కేలు బాగుంటుంది. 15 మి.మీ. వాళ్లదే కష్టం: హెచ్‌ఓ తలుపు జమీందారు గుమ్మంలా ఉంటుంది, ఎన్ తలుపు కోళ్లగూడులా ఉంటుంది.

ఇదంతా మా అమ్మకి చెప్తే నవ్వింది. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. అందులో కొండపల్లి ఏనుగు అంబారీ, దాని పక్కన ప్లాస్టిక్ రైలు, రైలు కంటే పొడుగ్గా పోలీసు. "ఎవరైనా ఎప్పుడైనా పోలీసు ఎత్తు అడిగారా?" అంది. నిజమే, అడగరు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కూడా మనిషి దాదాపు ఇంటి కప్పు దాకా ఉంటాడు, మనమెవరం పట్టించుకోం. కానీ కొలువులో పోలీసు ఆ తలుపులోంచి లోపలికి వెళ్లక్కర్లేదు కదమ్మా.

ఇల్లు ఒక ఇల్లు కాదు

ఇప్పుడు స్కేలు సరిపోయిందనుకోండి. రెండో గొయ్యి ఇంకా లోతు.

ఆరడుగుల టేబుల్ 1:76లో ఎంత? 139 మీటర్లు. వెడల్పు 93. మన గ్రౌండు కంటే కొంచెం పెద్దది, అంతే. అందులో ఒక ఊరు, ఒక స్టేషను, రెండు సైన్యాలు. నిజం స్టేషను బిల్డింగు 60 మీటర్లుంటే బొమ్మ 79 సెంటీమీటర్లు కావాలి, సగం టేబుల్ అదే తినేస్తుంది. రైలు బొమ్మల కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్ల స్టేషన్లు చిన్న పల్లెటూరి స్టేషన్లు, చర్చిలు పొట్టి చర్చిలు. తలుపులు కిటికీలు సరైన సైజులోనే ఉంచి, మొత్తం పొడవు నొక్కేస్తారు.

ఆట రూల్సూ అబద్ధాలే చెప్తాయి. బోల్ట్ యాక్షన్ అని రెండో ప్రపంచ యుద్ధం ఆట ఒకటుంది, బాగా పాపులర్. అందులో రైఫిల్ 24 అంగుళాల దూరం కొడుతుంది. 1:56 లెక్కన అది 34 మీటర్లు. రెండు క్రికెట్ పిచ్‌ల పొడవు కూడా కాదు! అసలు రైఫిలు వందల మీటర్లు కొడుతుంది. మరి అలా ఆడితే టేబుల్ ఈ చివర్నుంచి ఆ చివరికి అందరూ అందరినీ కాల్చేస్తారు, ఆటే ఉండదు. అందుకని దూరానికి ఒక స్కేలు, బొమ్మకి ఒక స్కేలు, రెండూ కలవవని ఒప్పేసుకుని కూర్చుంటారు.

పెద్ద యుద్ధాల్లో ఇది ఇంకా ముదురుతుంది. వాటర్లూ తీసుకోండి, 1815 జూన్ 18. మధ్యలో లా హే సాంత్ అనే పొలం ఇల్లు. మేజర్ బారింగ్ కింద నాలుగొందల మంది దాకా జర్మన్ సైనికులు దాన్ని సాయంత్రం వరకూ పట్టుకున్నారు, తూటాలు అయిపోయాక వదిలేశారు. టేబుల్ మీద ఒక్కో బొమ్మ ఇరవైమందికి గుర్తు అనుకుంటే అక్కడ ఇరవై బొమ్మలు పెట్టాలి. టేబుల్ మీద ఒక మిల్లీమీటరు నేల మీద ఒక మీటరు అనుకుంటే, యాభై మీటర్ల పొలం ఇల్లు అయిదు సెంటీమీటర్లే. నా ఓఓ కాటేజీ ఒక్కటే పదిహేను సెంటీమీటర్లుంది. అంటే దాని గోడల మధ్య మూడు పొలం ఇళ్లు పడతాయి.

దీనికి అందరూ వాడే ఉపాయం చాలా సింపుల్. ఇంటిని ఇల్లు అనుకోవడం మానేయడమే. గోధుమరంగు ఫెల్టు గుడ్డ ముక్క కోసి టేబుల్ మీద పరిచి 'ఇదీ ఊరు' అనుకోవాలి. లోపలున్నాడా బయటున్నాడా అన్నది గుడ్డ అంచు చెప్తుంది. దాని మీద ఒకటో రెండో ఇళ్లు ఊరికే గుర్తుగా ఉంటాయి, సైనికులు వస్తే వాటిని పక్కకి జరుపుకోవచ్చు. ఇలా ఆడేవాళ్లు సైనికుల కంటే ఒక సైజు చిన్న ఇళ్లు కావాలనే కొంటారు. 15 మి.మీ. సైనికుల పక్కన ఎన్ స్కేలు ఇళ్లు పెడతారు. ఇందాక కోళ్లగూడు అన్నానే, ఆ కోళ్లగూడే ఇక్కడ రైటు. తలుపు పరీక్షని నేనే చెప్పి నేనే కాదంటున్నాను, అవును. నలుగురు సైనికులు ఒక ఇంటి కోసం కొట్టుకునే ఆటకి తలుపు ముఖ్యం, నలభై వేలమంది కొట్టుకునే ఆటకి తలుపెవడు చూస్తాడు?

ఎర్ర ఫోన్ బాక్సు

స్కేలు కంటే ఎక్కువ మోసం చేసేది కాలం, దేశం. మావయ్య ఇళ్లన్నీ ఆవిరి ఇంజన్ల నాటి ఇంగ్లాండువి. ఎర్ర ఇటుక, నల్ల పలక కప్పు, చిమ్నీ మీద మట్టి గొట్టాలు. వీటిని తీసుకెళ్లి 1944 నార్మండీ అంటే ఫ్రాన్సు వాళ్లు కాదు, నేను కూడా ఒప్పుకోను. కాన్ నగరం చుట్టూ ఇళ్లు లేత రంగు రాయివి, కిటికీలకి చెక్క రెక్కలుంటాయి. పబ్బు గోడకి అతికించి ఉన్న ఎర్ర ఫోన్ బాక్సు ఒక్కటి చాలు గుట్టు బయటపెట్టడానికి. ఆ రకం బాక్సు గైల్స్ గిల్బర్ట్ స్కాట్ 1935లో డిజైన్ చేసింది. దాన్ని వాటర్లూలో పెట్టిన ఫొటో నేను నిజంగా చూశాను.

ఫాలర్ లాంటి జర్మన్ కంపెనీల చెక్క దూలాల ఇళ్లకి ఈ బాధ తక్కువ. అలాంటి ఇళ్లు జర్మనీలో నాలుగొందల ఏళ్లుగా ఉన్నాయి కాబట్టి ముప్పైయేళ్ల యుద్ధానికీ పనికొస్తాయి, 1945కీ పనికొస్తాయి. మన యుద్ధాలకి మాత్రం ఏవీ పనికిరావు. బొబ్బిలి 1757, చందుర్తి 1758 ఆడాలని నాకుంది. మట్టి కోట, తాటాకు కప్పు రంగులేసి అమ్మేవాడు నాకింతవరకూ దొరకలేదు. అవి బంకమట్టితో, చీపురు పుల్లలతో మనమే చేసుకోవాలి. అది ఇంకో వ్యాసం.

మరి ఇంగ్లిష్ ఇళ్లతో ఇంగ్లాండులో యుద్ధం ఏముంది? జరగని యుద్ధం ఒకటుంది: సీ లయన్. 1940లో హిట్లర్ ఇంగ్లాండు మీదకి దిగాలనుకుని, చివరికి వాయిదా వేసి వదిలేసింది. బ్రిటిష్ వార్‌గేమర్లకి ఇదంటే ప్రాణం, ఎందుకంటే అటక మీద ఇళ్లు ఎలాగూ ఉంటాయి! వట్టి సరదా కూడా కాదు. 1974లో శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో దీన్ని పెద్ద ఎత్తున ఆడి చూశారు. జర్మన్లు దిగగలిగారు గానీ, బ్రిటిష్ నేవీ వచ్చి వెనక సముద్రం మూసేసరికి నిలవలేకపోయారు.

మా ఆట అంత పెద్దది కాదు. కెంట్ జిల్లాలో ఒక పల్లె స్టేషను, అటువైపు జర్మన్ పారాట్రూపర్లు, ఇటువైపు హోమ్ గార్డు. మన హోమ్ గార్డులు కాదు. 1940 మే నెలలో రేడియోలో పిలుపునిస్తే ఊళ్లోంచి వచ్చి చేరిన ముసలివాళ్లు, కుర్రాళ్లు. మొదట్లో చాలామందికి తుపాకీలు కూడా లేవు. మావయ్య ఇళ్లు, నా సైనికులు, మా రూమ్మేట్ పాచికలు.

శానిటైజర్

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

చర్చి మీద ఇరవయ్యేళ్ల దుమ్ము. తుడుద్దామని చూస్తే బీరువా మీద కరోనా నాటి శానిటైజర్ సీసా కనిపించింది. దూదికి పోసి కప్పు మీద రుద్దాను. దూది బూడిదరంగు అయింది. దుమ్ము అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. రెండు నిమిషాల తర్వాత చూస్తే కప్పు మీద అరచేతిలో సగం మేర తెల్లగా, పన్ను బయటపడ్డట్టు, రెసిన్ కనిపిస్తోంది. శానిటైజర్ అంటే ఆల్కహాల్. ఆల్కహాల్ యాక్రిలిక్ రంగుని విప్పేస్తుంది. రంగు పోగొట్టడానికి వార్‌గేమర్లు కావాలని వాడేదే అది. నాకు తెలుసు కూడా. తెలిసి చేశాను, దాన్నేమంటారో మీరే అనుకోండి.

కాబట్టి: గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. అంతే. అట్ట ఇళ్లకి అది కూడా వద్దు, పొడి బ్రష్ చాలు. రెసిన్ ఎప్పుడైనా కోయాల్సి వస్తే, గీకాల్సి వస్తే, తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మావయ్యకి చర్చి చూపించడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కళ్లజోడు పైకెత్తి దగ్గరగా పెట్టుకుని చూశారు. "దీని మీద బాంబు పడిందన్నమాట" అన్నారు. ఇంకేం అనలేదు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది: వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఈ ఇళ్లకి చేయకూడదు. అన్‌డూ ఉన్న పనులే చేయాలి. అలా ఆలోచించడం మొదలుపెట్టాక ఆటకి కూడా మంచే జరిగింది.

మామూలుగా వార్‌గేమర్లు ఇంటిని ఎండీఎఫ్ చెక్క మీద పర్మనెంటుగా అతికించేస్తారు, చుట్టూ ఫెవికాల్ పూసి ఇసుక చల్లుతారు. నేను 3 మి.మీ. చెక్క మీద పెరడు, కంచె, ఇసుక దారి అన్నీ చేసి, ఇల్లు కూర్చునే చోటు మాత్రం ఖాళీగా వదిలేశాను. దాని చుట్టూ సన్నటి అట్ట అంచు. ఇల్లు అందులో కూర్చుంటుంది, కదలదు, ఎత్తితే వచ్చేస్తుంది. రెసిన్ ఇళ్లకి కప్పు తెరుచుకోదు, లోపల సైనికుల్ని పెట్టలేం అన్నది అందరూ చెప్పే పెద్ద లోటు. ఇప్పుడు ఆ లోటు లేదు. సైనికులు లోపలికి వెళ్లగానే ఇల్లంతా ఎత్తి పక్కన పెట్టి, ఆ ఖాళీలో వాళ్లని నిలబెడతాం. బయటికి రాగానే ఇల్లు మళ్లీ వస్తుంది.

కొత్త ఇళ్ల మెరుపు తగ్గించడానికి పల్చటి గోధుమ రంగు నీళ్లు పులుముతారు, 'వాష్' అంటారు. అది వెనక్కి రాదు. దాని బదులు నల్ల చాక్‌పీసు, ఎర్ర ఇటుక ముక్క గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో చిమ్నీల కింద, తలుపుల దగ్గర అద్దాను. దగ్గర్నుంచి చూస్తే మసి పట్టినట్టే ఉంది. కడిగితే పోతుంది. ఇల్లు కాలిందని చెప్పడానికి నల్ల రంగు పూసిన దూది కప్పు మీద పెడతాం. కూలిందని చెప్పడానికి ఇటుక ముక్కలు, అగ్గిపుల్లలు అతికించిన అట్ట పట్టీ ఒకటి చేసి ఇంటి చుట్టూ పెడతాం. ఇంటికి గీత కూడా పడదు.

ముందు గోడ మాత్రమే ఉన్న నాలుగిళ్లు అన్నాను కదా. రైలు బొమ్మల వాళ్లు వాటిని టేబుల్ చివర గోడకి ఆనించి పెడతారు, వెనకవైపు వట్టి చదును. వాళ్ల ఊరిని ఒకవైపు నుంచే చూస్తారు. మనం నాలుగు వైపులా తిరుగుతూ, పైనుంచి వంగి చూస్తాం. వీపుకి వీపు ఆనించి రెండేసి చొప్పున పెట్టాను. రెండు పూర్తి ఇళ్లు వచ్చాయి, మధ్యలో కప్పు అతుకు కనిపించకుండా సన్న అట్ట మడత వేశాను. అతికించలేదు.

బోర్డు

చివరికి మిగిలింది స్టేషను.

ఇంగ్లిష్ పల్లెటూరి స్టేషను, క్రీమ్ రంగు చెక్క అంచులు, ముందు చిన్న పందిరి. కానీ గోడ మీద ఉన్న బోర్డు ఇంగ్లాండుది కాదు. పసుపు రంగు, నల్ల అక్షరాలు, మూడు భాషలు. తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో: గోదావరి. బోర్డు మొత్తం మూడు సెంటీమీటర్లుండదు. మావయ్య అక్కడికి వెళ్లిన మొదటేడు, ఒక్కరే ఉన్నప్పుడు, కొన్న మొదటి ఇల్లట అది. అక్షరాలు ఒక్క వెంట్రుక మిగిల్చిన బ్రష్‌తో రాశారట. రాజమండ్రిలో గోదావరి స్టేషను తాతగారి ఇంటికి దగ్గర.

సమస్య ఏంటంటే 1940లో ఇంగ్లాండు స్టేషన్ల పేరు బోర్డులు పీకేశారు. జర్మన్లు దిగితే ఎక్కడున్నారో వాళ్లకి తెలియకూడదని. రోడ్ల మీద దారి చూపించే బోర్డులు కూడా తీసేశారు. అంటే మా ఆటలో అసలు ఏ బోర్డూ ఉండకూడదు. గోదావరి అయితే మరీను. మా రూమ్మేట్ "కాగితం ముక్క అంటించేద్దాంరా" అన్నాడు. నాకు మనసొప్పలేదు. అలాగని అలా వదిలేస్తే ఇన్ని లెక్కలు చెప్పి, ఫోన్ బాక్సు మీద అంత మాట్లాడి, పసుపు బోర్డు దగ్గర కళ్లు మూసుకున్నట్టవుతుంది.

మావయ్యని అడగలేదు. ఊరికే ఆ 1940 సంగతి చెప్పాను, అంతే.

ఆయన కాసేపు స్టేషనుని చేతిలో తిప్పి చూశారు. "మొదట అసలు బోర్డే ఉండేది, ఏదో ఇంగ్లిష్ పేరు. అది పీకి ఇది పెట్టాను" అన్నారు. తర్వాత బ్లేడు తెమ్మన్నారు. నేను "వద్దు మావయ్యా, ఫెవిక్విక్ అయితే రంగు కూడా లేచొస్తుంది" అన్నాను. "ఫెవిక్విక్ కాదురా, మామూలు జిగురే. ఎప్పుడైనా తియ్యాల్సొస్తుందని అప్పుడే అనుకున్నా" అన్నారు. బ్లేడు అంచు పెట్టి అటూ ఇటూ కదిపారు. టప్పున ఊడొచ్చింది. చొక్కా జేబులో వేసుకున్నారు.

గోడ మీద బోర్డు ఉన్నచోట మూడు సెంటీమీటర్ల మేర రంగు కొత్తగా ఉంది. చుట్టూ గోడ ఎండకి, దుమ్ముకి పాలిపోయింది, అక్కడ మాత్రం కొన్నరోజు రంగు. ఇటుక పొడి అద్ది దాన్ని కప్పేద్దామని బ్రష్ తీశాను. మళ్లీ ఆలోచిస్తే, 1940లో బోర్డు పీకేసిన గోడ మీద కూడా సరిగ్గా ఇలాంటి మచ్చే ఉండి ఉంటుంది కదా. అలాగే వదిలేశాను.

ఆట మూడు గంటలు పట్టింది. హోమ్ గార్డు ఓడిపోయింది, నా పాచికలు దరిద్రంగా పడ్డాయి. జర్మన్లు స్టేషను పట్టుకునేసరికి మావయ్య కుర్చీ లాక్కుని టేబుల్ పక్కన కూర్చుని ఉన్నారు. చాలాసేపు చూసి, ప్లాట్‌ఫారం వైపు వేలు చూపించారు.

"ఏరా, స్టేషను పెట్టావు. పట్టాలేవి?"

పట్టాలు లేవు. మేం రోడ్డు గీసుకున్నాం, స్టేషను వీపు రోడ్డుకి పెట్టాం, ప్లాట్‌ఫారం తీసుకెళ్లి పొలంలోకి తిప్పాం. ముగ్గురం ఇంజనీరింగ్ స్టూడెంట్లం, ఒక్కడికీ తట్టలేదు. వచ్చే సెలవులకి ఆరడుగుల పట్టా కావాలి, 16.5 మి.మీ. వెడల్పుది. ఎవరి దగ్గరైనా పాత రైలు సెట్టు ఉంటే, ఇంజను పాడైపోయినా పర్లేదు, క్లబ్బు గ్రూపులో చెప్పండి.